ఇసుక మీద నిలిచిన రాయి

జనవరి 5

అత్తగారి గదిలో మంచం గోడవారకి జరిగింది. అది ఉన్నచోట గచ్చు పగలగొట్టి ఉంది. ఏమిటని అడిగితే సెప్టిక్ ట్యాంక్ అన్నారు ఉవైస్ బావగారు. పడుకునే గదిలో సెప్టిక్ ట్యాంక్ ఎవరు తవ్వుకుంటారని అడిగాను. "పాఠాలు బళ్లో చెప్పుకో అమ్మాయ్, ఇంట్లో వద్దు" అన్నారు. బదావీ రొట్టె ముక్కతో చిక్కుడుగింజల గిన్నె తుడుస్తూ కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

మా ఆయన తల ఎత్తలేదంటే సంగతి పెద్దదే.

జనవరి 6

ట్యాంక్ కాదు. నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకీ తెలుసు.

మా ఊళ్లో ఈ నిధుల తవ్వకం జలుబులాంటిది. ఒక ఇంట్లో మొదలైతే వీధంతా తుమ్ముతుంది. పెరటి గోడ దాటితే నల్లదిబ్బ. దాని పైరాయంతా ఎప్పుడో జనం గోడలకి, గుమ్మాలకి మోసుకుపోయారు. మిగిలింది నల్లటి మట్టి ఇటుకల గుట్ట. అయినా పిరమిడ్ పిరమిడే. రాజును పెట్టిన గది ఇంతవరకు దొరకలేదు. దొరకని గది అంటే ప్రతివాడికీ వాడి మంచం కిందే ఉన్నట్టుంటుంది.

బావగారు లిబియాలో పదేళ్లు కూలి చేసి, ఒక కంబళి, ఒక రేడియో పట్టుకుని తిరిగొచ్చారు. పెళ్లి కాలేదు. కాఫీ హోటల్లో ఎవరో మగ్రిబీ షేక్, మొరాకో వైపు నుంచి వచ్చిన సోదెగాడు, తగిలాడట. ఇసుకలో గీతలు గీసి, మీ తల్లి తల పెట్టుకునే చోట కిందే ఉందని చెప్పాడట. అత్తగారు ఆ రోజు నుంచి తల అటు పెట్టి పడుకోవడం లేదు.

అది బావగారి సంగతి. బదావీకి షేకుల మీద నమ్మకం లేదు. అతని కారణం వేరు.

జనవరి 8

అడిగాను. చెప్పేశాడు. దాచడం రాదు అతనికి.

రెండు శీతాకాలాలుగా నల్లదిబ్బ లోపల మరమ్మతు పనికి వెళ్తున్నాడు. తాపీ పని. పడిపోయే గోడలకి దన్నుగా కట్టడం. లోపలి దారి దక్షిణం నుంచి దిగుతుందట. కొంత దూరం పోయాక ఆగిపోతుంది. దొంగ అక్కడే కూర్చుని ఏడవాలని అలా కట్టారు. అసలు దారి నెత్తిమీద ఉంటుంది. పైకప్పు రాయి ఒకటి పక్కకి జరుగుతుంది. అది ఎక్కితే ఇంకో నడవా, మళ్లీ మలుపు, మళ్లీ జరిగే రాయి. చివర తూర్పుకి ఒక సొరంగం మొదలుపెట్టి మట్టితో మూసేశారు. అక్కడి పనులు చూసే పురావస్తు శాఖ ఇన్‌స్పెక్టర్ సుహైర్ మేడం అది ఉత్త మోసపు దారి అంటుందట.

"మోసానికి అంత నునుపుగా చెక్కుతారా ఇన్సాఫ్? ఎవరూ చూడని గోడకి ఎవడైనా పాలిష్ పెడతాడా?" అన్నాడు.

ఆ సొరంగం సూటిగా మా ఇంటివైపే ఉందట.

బంగారం దొరికితే ఏం చేస్తావన్నాను. బంగారం మాట అన్నయ్యని అడుగు అన్నాడు. మరి నీకేం కావాలి అంటే, కాస్త ఆలోచించి, "చూడాలి" అన్నాడు. అంతే.

జనవరి 12

కాలవలు కట్టేశారు. ఏటా జనవరిలో పూడిక తీయడానికి కట్టేస్తారు కదా, భూమిలో నీరు దిగిపోతుంది. అందుకే ఈ తొందర. నీళ్లు మళ్లీ వదిలేలోగా అయిపోవాలట.

తవ్వేది పగలే. నేను బడికి, బదావీ పనికి వెళ్లాక బావగారు దిగుతారు. అత్తగారు తాడుతో బుట్టలు లాగుతారు. డెబ్బై ఏళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులని గ్లాసు మంచినీళ్లు కూడా నాచేతే తెప్పించుకునే మనిషి.

జనవరి 17

తవ్విన మట్టి ఎక్కడ పోయాలన్నది పెద్ద సమస్య. అత్తగారు దానితో పెరట్లో కొత్త రొట్టెల పొయ్యి కట్టారు. తర్వాత కోళ్లగూడు. తర్వాత అరుగు. ఇంకో నెల తవ్వితే మనకీ ఒక పిరమిడ్ లేస్తుంది అన్నాను. బదావీ ఒక్కడే నవ్వాడు.

భోజనాల దగ్గర బావగారు మంచి హుషారుగా ఉన్నారు. దొరకగానే మొదట మీ ఇద్దర్నీ కైరోలో పెద్ద డాక్టర్ దగ్గరికి పంపిస్తానన్నారు. పిల్లల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన మాత్రం ఉల్లిపాయ కొరుకుతూ మామూలుగా అనేశారు. నాకు కోపం రావాల్సింది. రాలేదు.

జనవరి 21, సాయంత్రం

తలుపు గడియ పెట్టొచ్చి రాస్తున్నాను.

సుహైర్ మేడం వచ్చింది. ఊరికే. పనిలోంచి దిగి వెళ్తూ, మా అత్తగారి చేతి టీ తాగిపోదామని వచ్చిందట. ఇంతకుముందు కూడా వచ్చేది. ముందుగదిలో కూర్చోమన్నాను. అక్కడ ఎండ పడుతోందని తిన్నగా అత్తగారి గదిలోకి నడిచింది.

అత్తగారు మంచాన్ని మళ్లీ పాత చోటికి లాగేసి, దుప్పటి నేలదాకా వేలాడేసి ఉంచారు. కింద పలకలు, పలకల కింద గొయ్యి, గోతిలో బావగారు. మేడం ఆ మంచం మీదే కూర్చుంది.

టీ తాగినంతసేపూ అత్తగారు మాట్లాడుతూనే ఉన్నారు. మోకాళ్లు, కోళ్లు, పక్కింటి పెళ్లి, పుదీనా ధర, మళ్లీ మోకాళ్లు. మేడం మధ్యలో ఒకసారి, కొత్త పొయ్యి బాగా కుదిరింది, మట్టి ఎక్కడిదని అడిగింది. కాలవ పూడిక అన్నారు అత్తగారు, రెప్ప వెయ్యకుండా. మంచం కింద ఎవరో తుమ్మారు. "పిల్లి" అన్నారు. మేడం వెళ్లేటప్పుడు ఆ పిల్లికి కాస్త పాలు పొయ్యమని నవ్వింది.

ఆవిడ తెలిసి నవ్విందా, తెలియక నవ్విందా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

బావగారు పైకొచ్చి చేసిన మొదటి పని అత్తగారి తల ముద్దుపెట్టుకోవడం.

జనవరి 24

మట్టి అయిపోయి మెత్తటి రాయి వచ్చింది. ఆ రాతిలో మనిషి దిగేంత వెడల్పున తొలిచిన బిలం. దాన్నిండా ఇసుక.

జనవరి 25

నేనూ దిగాను.

జనవరి 26

నిన్న ఒక్క ముక్క రాసి ఆపేశాను. సిగ్గేసింది. ఇప్పుడు రాస్తాను.

బడికి సెలవులు. శుక్రవారం కాబట్టి బదావీ ఇంట్లో ఉన్నాడు. వస్తావా అన్నాడు. నిచ్చెన పట్టుకున్నాడు. లోపల చల్లగా, తడి సున్నం వాసన. బ్యాటరీ లైటు వేసి బిలం అంచు చూపించాడు. ఉలి దెబ్బలు కనిపిస్తున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే వాలులో. కుడిచేతి వాటం మనిషి అన్నాడు బదావీ, పక్కవీధి మేస్త్రీ గురించి చెబుతున్నట్టు. నేను ఆ గాట్లలో వేలు పెట్టాను. సరిగ్గా పట్టింది.

పదేళ్లుగా పిల్లలకి పాఠంలో చెబుతున్నాను, మన పూర్వీకులు, మన పూర్వీకులు అని. వేలు పెట్టాక గాని ఆ మాట నాకు అందలేదు. పైకి వచ్చాక కూడా ఎవరికీ చెప్పొద్దని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అంటే నేనూ దొంగనే.

జనవరి 29

బదావీ పిడికిట్లో ఆ ఇసుక పట్టుకొచ్చి కంచంలో పోశాడు. చాలాసేపు చూశాడు. ఇది ఎడారి గాలికి వచ్చిన ఇసుక కాదన్నాడు. జల్లించిన ఇసుక. ఒక్క గులకరాయి లేదు.

తర్వాత పప్పు సంచి తీసి, నిలబెట్టి, దాని మీద ఒక కర్రముక్క, కర్ర మీద ఇటుక నిలబెట్టాడు. సంచి అడుగున కత్తితో చిన్న గాటు పెట్టాడు. పప్పు సన్నగా కారింది. ఇటుక మెల్లగా, కుదుపు లేకుండా, పడవలా కిందికి దిగింది. నేను నోరు తెరుచుకుని చూశాను.

గది మూత రాయి వందమంది లాగినా కదలని బరువట. దాన్ని ఇలాగే దించేవారట. పక్కబిలాల్లో ఇసుక, ఇసుక మీద దిమ్మెలు, దిమ్మెల మీద రాయి. రాజును పడుకోబెట్టాక అడుగున కన్నం తీస్తే చాలు, ఇసుక కారుతుంది, రాయి దానంతటదే వచ్చి మూసుకుంటుంది.

అత్తగారు పప్పు సంచి చూసి గొల్లుమన్నారు. "సూప్‌లోకి పప్పు లేదు, పిరమిడ్లు కడుతున్నాడు. మీ నాన్నా ఇంతే" అంటూ నేలంతా ఏరించారు. ఇద్దరం ఏరాం.

ఏరుతూ బదావీ గొంతు తగ్గించి అన్నాడు: "మనం తవ్వుతున్నది ఆ బిలమే అయితే, పైన రాయి ఇంకా నిలబడే ఉంది ఇన్సాఫ్. ఎవరూ కన్నం తియ్యలేదు."

జనవరి 31

అన్నదమ్ములు గొడవపడ్డారు. ఇక ఒక్క బుట్ట ఇసుక కూడా తియ్యొద్దంటాడు బదావీ. రాయి ఉందంటే దాని కింద గది ఉన్నట్టే కదా అంటారు బావగారు.

"నీకేం రా. నీకు ఉద్యోగం ఉంది, పెళ్లాం ఉంది. నీకు చూస్తే చాలు. నాకు చూస్తే చాలదు" అన్నారు.

బావగారు ఆ మాట అన్నందుకు తర్వాత బాధపడ్డట్టున్నారు. తమ్ముడి చెప్పులు తీసి గుమ్మం పక్కన సర్ది పెట్టడం చూశాను.

నిచ్చెన పైకి లాగి పెరట్లో పెట్టారు. అయిపోయిందనుకున్నాను.

ఫిబ్రవరి 3

కాలవలో నీళ్లు వదిలారు. బాతులకి పండగ.

ఫిబ్రవరి 6

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

నీళ్లు వదిలిన రోజు మధ్యాహ్నం నేను మేడమీద బట్టలు ఆరేస్తున్నాను. ఇల్లు కదిలింది. చప్పుడు పెద్దగా లేదు, ఎవరో బరువుగా నిట్టూర్చినట్టు. కిందికి పరుగెత్తాను. అత్తగారు గోతి అంచున బోర్లా పడుకుని ఉన్నారు, తాడు చేతికి చుట్టుకుని. తాడు కొస కింద ఉంది. లాగితే రాదు.

నీళ్లు వచ్చేస్తున్నాయి కదా, ఇక ఈ ఒక్కరోజే అని బావగారు దిగారట. అత్తగారు వద్దన్నారట. వద్దంటూనే తాడు పట్టుకున్నారట.

లైటు వేసి చూశాను. ఇసుక పక్కనించి కారిపోయింది. ఒక పెద్ద తెల్లటి రాయి వాలుగా దిగి ఆగి ఉంది, నునుపుగా, నిన్ననే చెక్కినట్టు. దాని అంచు కింద బావగారి ఎడమకాలు. నడుందాకా ఇసుక. ఇసుక తడిగా ఉంది. "అమ్మాయ్, బదావీని పిలువు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "బదావీని ఒక్కణ్ణే" అన్నారు.

నల్లదిబ్బకి పరుగెత్తాను. తలమీద గుడ్డ ఎక్కడ పడిపోయిందో తెలియదు. సొరంగం నోటి దగ్గర అందరూ టీ తాగుతున్నారు. బదావీ, పది మంది పనివాళ్లు, సుహైర్ మేడం. వాళ్ల వెనక దూలాలు, ఇనుప జాకీలు, నీళ్లు తోడే పంపు.

బదావీ నన్ను చూసి లేచాడు. దగ్గరికొచ్చాడు. అతని చెవిలో చెప్పొచ్చు. చెబితే ఏం చేస్తాడు? ఒక్కడే పరుగెత్తుకొస్తాడు, ఒక్కడే దిగుతాడు, ఒక్కడే ఆ రాయికి భుజం పెడతాడు. వాళ్లిద్దరూ అక్కడే ఉండిపోతారు.

నేను అతన్ని దాటి మేడం దగ్గరికి వెళ్లాను. మా అత్తగారి గదిలో గొయ్యి తవ్వారు మేడం, మూతరాయి దిగింది, మా బావగారు కింద ఉన్నారు, జాకీలు కావాలి అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. పిల్లి అంది, తనలో తను అనుకున్నట్టు. వెంటనే లేచి, జాకీలు ఎత్తండి, పంపు బండెక్కించండి, నిలబడి చూస్తారేం అని కేకేసింది.

సాయంత్రం నమాజు పిలుపు వినిపించేదాకా పట్టింది. బదావీ మొదట దిగాడు. ఆఖరుకి పైకొచ్చాడు. దూలం ఎక్కడ ఆనించాలో, జాకీ ఎంత తిప్పాలో కిందనించి అతను చెబుతుంటే పైనుంచి మేడం అందిస్తోంది. ఇద్దరూ పనిలో ఉన్నట్టే మాట్లాడుకున్నారు. నీళ్లు బావగారి ఛాతీ దాకా వచ్చాయి. అత్తగారు గోతి అంచునే కూర్చుని ఆయనకి చిన్నప్పటి సంగతులు చెబుతూనే ఉన్నారు, నిద్రపోకుండా. ఊరంతా మా వాకిట్లో ఉంది. మా గురించి ఏమనుకుంటున్నారో నేను చూడలేదు.

బావగారిని పలక మీద కట్టి పైకి లాగారు. అప్పటికి పోలీసు జీపు వచ్చి ఉంది. మేడమే ఫోన్ చేసింది. చెయ్యాలి కదా.

బదావీ ఒళ్లంతా తెల్లటి బురద. నా ముందునించి నడిచి జీపు ఎక్కాడు.

ఫిబ్రవరి 9

బావగారి కాలు మోకాలి కింద తీసేశారు. హాస్పిటల్ గది బయట కానిస్టేబుల్. లోపలికి వెళ్లగానే బావగారు అడిగింది: తమ్ముడు నా మీద కోపంగా ఉన్నాడా?

నేను అడగాల్సిన ప్రశ్న అది. నేను ఎవర్ని అడగను?

ఫిబ్రవరి 15

స్టేషన్లో బదావీని చూడనిచ్చారు. రొట్టె, జున్ను, ఊరగాయ నిమ్మకాయలు పట్టుకెళ్లాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. నీ చెవిలో చెప్పాల్సింది అన్నాను.

"చెవిలో చెప్పుంటే ఇవాళ నువ్వు రెండు సమాధుల దగ్గరికి వెళ్లొచ్చేదానివి" అన్నాడు. "ఊరుకో. నిమ్మకాయ బావుంది."

తవ్వకమంతా తన ఆలోచనే, అన్నయ్యని తనే దింపానని వాంగ్మూలం ఇచ్చాడట. అది నిజం కాదు. ఉత్త అబద్ధమూ కాదు.

మార్చి 11

తీర్పు. బదావీకి ఏడాది. బావగారికి కాలు చూసి శిక్ష ఆపి ఉంచారు. ఆయన కోర్టులో లేచి నిలబడబోయి, నాది, తప్పు నాది అన్నారు. జడ్జి కూర్చోమన్నాడు.

మార్చి 20

ఇల్లు ప్రభుత్వం తీసుకుంది. కాలవ గట్టున రెండు గదులు దొరికాయి. అత్తగారు ఖాళీ చేసేముందు కొత్త పొయ్యిలో ఆఖరుసారి రొట్టెలు కాల్చి, అక్కడ పనిచేస్తున్న కూలీలందరికీ పంచారు. తిట్టుకుంటూనే పంచారు.

ఏప్రిల్ 14

ఉపవాసాల నెల. బడినించి వస్తుంటే సుహైర్ మేడం జీపు ఆపింది. ఎక్కమంది. నేను కాదనలేదు. పాత ఇంటికి తీసుకెళ్లింది. మా అత్తగారి గదికి కప్పు లేదు. పంపులు మోగుతున్నాయి. ఉక్కు నిచ్చెన.

"ఇది రూల్ కాదు" అంది. "బదావీ అంత పనివాడు నా దగ్గర మళ్లీ ఉండడు. కోపం తగ్గలేదు నాకు. దిగు."

గది ఉంది. బదావీ చెప్పిన చోటే. మా ఇంటికింద.

ఖాళీ.

దొంగలు దోచిన ఖాళీ కాదు. ఎవరూ ఏమీ పెట్టని ఖాళీ. రెండు గోడలు అద్దంలా ఉన్నాయి. మూడోది సగం నునుపు, సగం మొద్దు. నాలుగోది చెక్కనే లేదు, దాని మీద ఎర్రరంగుతో ఒక గీత, ఇక్కడిదాకా చెక్కాలని. అక్కడితో ఆగిపోయారు. రాజు ముందే పోయాడో, మనసు మార్చుకున్నాడో తెలియదంది మేడం. పైకప్పులో ఒకచోట దీపం మసి. మూతరాయి మాత్రం ఇసుక మీద ఎక్కించి సిద్ధంగా పెట్టి వెళ్లిపోయారు. మా బావగారు వచ్చేదాకా.

ఉన్నది కొద్ది నిమిషాలే. పైకి వచ్చాక, మీ ఆయనకి చెప్పు అంది మేడం, అటు తిరిగి.

మే 2

జైలు. జాలీ అవతల బదావీ సన్నబడ్డాడు. కూర్చోగానే ఇల్లు ఎలా ఉందనలేదు, అప్పీలు సంగతి అడగలేదు. "దిగావా?" అన్నాడు. మొహం చూసే కనిపెట్టాడు.

చెప్పాను. గోడలు, ఎర్రగీత, మసి. బంగారం లేదంటే ఆ అని తల ఊపాడు, అది మామూలే అన్నట్టు. ఎర్రగీత అనగానే జాలీ పట్టుకున్నాడు. ఎంత మందం, తాడుని రంగులో ముంచి కొట్టిందా, చేత్తో గీసిందా అని అడిగాడు. తాడే అనుకుంటానన్నాను. కళ్లు మూసుకున్నాడు. టైమ్ అయిపోయిందని గార్డు అరిచేదాకా తెరవలేదు.

జూన్ 13

మూలలు ఎలా కలిశాయి, నేల వాలుందా, గొంతెత్తితే మారుమోగిందా. అన్నీ అడిగాడు. గుర్తున్నవన్నీ చెప్పాను.

జులై 18

బావగారు చంకకర్రలతో గుమ్మం దాకా నడిచారు. రేడియోలు బాగుచేస్తున్నారు. వీధిలో పిల్లలు, బాబాయ్, నీ కాలు రాజుగారి దగ్గరుందా అని అడిగితే, అద్దెకిచ్చానంటారు. జైలుకి నాతో వస్తానని ప్రతిసారీ అంటారు. ప్రతిసారీ ఆ ఉదయం ఒంట్లో బాగోలేదంటారు.

ఆగస్టు 22

బావగారు వచ్చారు. జాలీకి ఇటు బావగారు, అటు బదావీ. బావగారు చంకకర్రలు పక్కన పెట్టి, "లోపల రాయి చల్లగా ఉండేది రా. చాలా చల్లగా" అన్నారు. బదావీ, "పైది మంచి సున్నపురాయి అన్నయ్యా, అందుకే" అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను బయట బండి చూడ్డానికి వెళ్లాను. బండి ఎక్కడికీ పోలేదు.

సెప్టెంబర్ 26

చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. ఇవాళ అతను అడిగాడు. ఉత్తరపు గోడకి దీపం పెట్టుకునే గూడు ఒకటి ఉందని చెప్పాను.

నేను చూడలేదు. ఉండొచ్చు కదా.

అక్టోబర్ 10

పంపులు ఆపేశారట. ఖర్చు భరించలేక. మేడం ఫోన్ చేసి చెప్పింది. గది నీళ్లతో నిండిపోయింది, పైన సిమెంటు మూత వేశారు. ఆవిడ గొంతు కూడా బాగోలేదు.

బదావీకి చెప్పను.

అక్టోబర్ 17

అతనికి ముందే తెలుసు. కొత్తగా జైలుకొచ్చిన మా ఊరివాడెవడో చెప్పాడట. నాతో అనలేదు. గూటి సంగతే మళ్లీ అడిగాడు. అందులో మసి ఉందా అన్నాడు.

ఉందన్నాను.

నవంబర్ 21

ఆ గదికి ఇంకో తలుపు ఉందని చెప్పాను.

ఎటువైపు తెరుచుకుంటుందని అడిగాడు.